హెచ్‌24, పీపీఆర్‌, టోరా.. ఎయిర్‌పోర్ట్‌ డైరెక్టరీలోని పొట్టి అక్షరాలను ఎలా చదవాలి? కొత్త స్టూడెంట్‌ పైలట్లకు పూర్తి వివరాలు

కరీంనగర్‌లోనో, ఆదిలాబాద్‌లోనో ఇంటర్‌ ఎంపీసీ పూర్తిచేసి, మెడికల్‌ పాసై, పైలట్‌ శిక్షణలో చేరిన విద్యార్థికి మొదట ఎదురయ్యే ఇబ్బంది విమానం నడపడం కాదు. విమానాశ్రయాల వివరాలుండే పేజీని చదవడం. ఆ పేజీలో పూర్తి వాక్యం ఒక్కటీ కనిపించదు. హెచ్‌జే, హెచ్‌వో, పీపీఆర్‌, టోరా, ఎల్‌డీఏ, యూ బై ఎస్‌, నిల్‌.. ఇలా గడుల నిండా పొట్టి అక్షరాలే ఉంటాయి.

వీటిని పరీక్ష కోసం బట్టీ పట్టేవాళ్లు చాలామంది. కానీ ఇందులో ప్రతి పొట్టి మాటా ఒక హామీ, లేదంటే ఒక ఆంక్ష. ‘ఈ సమయంలో టవర్‌లో మనిషి ఉంటాడు’ అన్నది హామీ. ‘ముందుగా అనుమతి లేకుండా రావద్దు’ అన్నది ఆంక్ష. రెండింటిలో ఏది తప్పుగా అర్థమైనా దాని ఫలితం గాల్లో ఉన్నప్పుడే తెలుస్తుంది. అందుకే అక్షరాల అర్థంతోపాటు వాటి వెనుక ఉన్న విషయాన్నీ ఈ కథనంలో చూద్దాం. అసలు డైరెక్టరీలో ఇవన్నీ ఇంగ్లిష్‌ అక్షరాల్లోనే ఉంటాయి. ఇక్కడ వాటిని పలికే తీరులో తెలుగులో రాశాం.

డైరెక్టరీ అంటే ఏది? ఎక్కడ దొరుకుతుంది?

మన దేశంలో విమానాశ్రయాల అధికారిక సమాచారం ఉండే పుస్తకం పేరు ఏఐపీ. అంటే ఏరోనాటికల్‌ ఇన్ఫర్మేషన్‌ పబ్లికేషన్‌. దీన్ని ఎయిర్‌పోర్ట్స్‌ అథారిటీ ఆఫ్‌ ఇండియా (ఏఏఐ) ప్రచురిస్తుంది. ఇప్పుడు ఇది ఆన్‌లైన్‌లోనే ఉంటోంది. ఏఏఐ వెబ్‌సైట్‌లోని ఏరోనాటికల్‌ ఇన్ఫర్మేషన్‌ విభాగంలో ఈ-ఏఐపీ పేరుతో ఎవరైనా చూడొచ్చు.

ఇందులో మూడు భాగాలుంటాయి. జెన్‌ అంటే సాధారణ సమాచారం. ఎన్‌రూట్‌ అంటే ఆకాశమార్గాల సమాచారం. ఏడీ అంటే ఏరోడ్రోమ్‌లు, అంటే విమానాశ్రయాల సమాచారం. పొట్టి మాటల పూర్తి జాబితా జెన్‌ 2.2లో ఉంటుంది. అర్థం తెలియని మాట ఎదురైతే గూగుల్‌ కన్నా ముందు వెతకాల్సిన చోటు అదే.

ఒక్కో విమానాశ్రయానికి ఏడీ 2 కింద వరుసగా అంశాలుంటాయి. ఏడీ 2.1లో విమానాశ్రయం పేరు, కోడ్‌ ఉంటాయి. ఏడీ 2.24లో మ్యాపులు ఉంటాయి. ఈ వరుసను అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) నిర్ణయించింది. కాబట్టి బేగంపేట పేజీ చదవడం వస్తే నాగ్‌పుర్‌ పేజీ అయినా, సింగపూర్‌ పేజీ అయినా చదవొచ్చు. అన్నిచోట్లా పనివేళలు 2.3లోనే, రన్‌వే కొలతలు 2.12లోనే ఉంటాయి.

హైదరాబాద్‌ కోడ్‌ ఏది? మొదటి తికమక ఇక్కడే

టికెట్‌ మీద హైదరాబాద్‌కు హెచ్‌వైడీ అని ఉంటుంది. ఇది ఐయాటా ఇచ్చే మూడక్షరాల కోడ్‌. టికెట్లు, లగేజీ ట్యాగుల కోసం దీన్ని వాడతారు. పైలట్లు, కంట్రోలర్లు వాడేది ఐకావో ఇచ్చే నాలుగక్షరాల కోడ్‌. ఫ్లైట్‌ ప్లాన్‌లో రాయాల్సింది దీన్నే.

బేగంపేట కోడ్‌ వీవోహెచ్‌వై. శంషాబాద్‌ది వీవోహెచ్‌ఎస్‌. 2008 మార్చిలో శంషాబాద్‌ విమానాశ్రయం మొదలైనప్పుడు టికెట్ల మీద ఉండే హెచ్‌వైడీ కోడ్‌ కొత్త విమానాశ్రయానికి వెళ్లింది. బేగంపేటకు బీపీఎం అనే కొత్త మూడక్షరాల కోడ్‌ వచ్చింది. కానీ నాలుగక్షరాల కోడ్‌లో ‘హెచ్‌వై’ బేగంపేట దగ్గరే ఉండిపోయింది. హెచ్‌వైడీ కనిపిస్తే శంషాబాద్‌, వీవోహెచ్‌వై కనిపిస్తే బేగంపేట. కొత్తవాళ్లు తొలి వారంలో ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

ఈ నాలుగక్షరాలకు ఒక లెక్క ఉంది. మొదటి అక్షరం ‘వీ’ మన దేశం ఉన్న ప్రాంతాన్ని సూచిస్తుంది. రెండో అక్షరం దేశంలో ఏ భాగమో చెబుతుంది. ‘వో’ (ఓ అక్షరం) దక్షిణం, ‘ఏ’ పశ్చిమం, ‘ఈ’ తూర్పు, ‘ఐ’ ఉత్తరం. హైదరాబాద్‌ నుంచి ఆదిలాబాద్‌ మీదుగా ఉత్తరానికి వెళ్తే వచ్చే నాగ్‌పుర్‌ కోడ్‌ వీఏఎన్‌పీ. అంటే దారిలో మీరు చెన్నై ఎఫ్‌ఐఆర్‌ దాటి ముంబయి ఎఫ్‌ఐఆర్‌లోకి వెళ్లారు. ఎఫ్‌ఐఆర్‌ అంటే ఇక్కడ పోలీస్‌ స్టేషన్‌ కేసు కాదు, ఫ్లైట్‌ ఇన్ఫర్మేషన్‌ రీజియన్‌. ఆ ఆకాశ పరిధికి సమాచారం ఇచ్చే బాధ్యత ఎవరిదో అది చెబుతుంది.

ఏఆర్‌పీ, ఎలివ్‌, రిఫరెన్స్‌ టెంపరేచర్‌.. ఏడీ 2.2లో ఏముంటుంది?

ఏఆర్‌పీ అంటే ఏరోడ్రోమ్‌ రిఫరెన్స్‌ పాయింట్‌. విమానాశ్రయం భౌగోళికంగా ఎక్కడుందో చెప్పే ఒకే ఒక బిందువు. అక్షాంశం, రేఖాంశాలను డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఖాళీ లేకుండా రాస్తారు.

ఈ అంకెలను చదవడం వస్తే దూరం లెక్క మీ చేతిలోకి వస్తుంది. బేగంపేట సుమారు 17 డిగ్రీల 27 నిమిషాల ఉత్తర అక్షాంశంపై ఉంది. ఆదిలాబాద్‌ పట్టణం సుమారు 19 డిగ్రీల 40 నిమిషాలపై ఉంది. రేఖాంశంలో రెండింటికీ తేడా కొద్ది నిమిషాలే. అంటే ఆదిలాబాద్‌ దాదాపు నేరుగా ఉత్తరాన ఉంది. అక్షాంశంలో ఒక నిమిషం ఒక నాటికల్‌ మైలు. తేడా 2 డిగ్రీల 13 నిమిషాలు కాబట్టి దూరం 133 నాటికల్‌ మైళ్లు, సుమారు 246 కిలోమీటర్లు. రోడ్డు మీద ఇదే ప్రయాణం 300 కిలోమీటర్ల దాకా ఉంటుంది. గాలి ప్రభావం లేకుండా 90 నాట్ల వేగంతో వెళ్లే శిక్షణ విమానానికి గంటన్నర.

మాగ్‌ వార్‌ అంటే మ్యాగ్నెటిక్‌ వేరియేషన్‌. అసలు ఉత్తరానికీ, దిక్సూచి చూపే ఉత్తరానికీ మధ్య తేడా. మన ప్రాంతంలో ఇది చాలా చిన్నది. అలాగని గడిని వదిలేస్తే, పెద్ద తేడా ఉండే దేశంలో శిక్షణకు వెళ్లినప్పుడు ఆ అలవాటే ముంచుతుంది.

ఎలివ్‌ అంటే ఎలివేషన్‌, సముద్రమట్టం నుంచి ఎత్తు. దాని పక్కనే రిఫరెన్స్‌ టెంపరేచర్‌ ఉంటుంది. ఏడాదిలో అత్యంత వేడి నెలలో రోజువారీ గరిష్ఠ ఉష్ణోగ్రతల సగటు ఇది. రామగుండం, ఆదిలాబాద్‌ ఎండలు తెలిసినవాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. వేడి గాలి పలుచగా ఉంటుంది. రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్‌ శక్తీ తగ్గుతుంది.

లెక్క చూడండి. బేగంపేట ఎత్తు సుమారు 1,742 అడుగులు. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత సుమారు 11.5 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు ఉంటే తేడా 30.5 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి సుమారు 120 అడుగుల చొప్పున 3,660 అడుగులు కలపాలి. అంటే విమానం నేల మీదే ఉన్నా 5,400 అడుగుల ఎత్తున ఉన్నట్టే పనిచేస్తుంది. దీన్నే డెన్సిటీ ఆల్టిట్యూడ్‌ అంటారు. ఉదయం 6 గంటలకు హాయిగా లేచిన విమానం మధ్యాహ్నం 2 గంటలకు అదే రన్‌వే మీద బరువుగా కదలడానికి కారణం ఇదే.

హెచ్‌24, హెచ్‌జే, హెచ్‌ఎస్‌.. పనివేళలు ఎలా చదవాలి?

ఏడీ 2.3లో పనివేళలు ఉంటాయి. ఇక్కడ రెండు పొరపాట్లు సాధారణం.

మొదటిది సమయం. డైరెక్టరీలో వేళలన్నీ యూటీసీలో ఉంటాయి. భారత కాలమానం యూటీసీ కన్నా 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. ‘0030-1230’ అని రాసి ఉంటే అర్ధరాత్రి 12.30 కాదు. ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకు అని అర్థం. తేదీ మారే సందర్భం ఇంకా జాగ్రత్తగా చూడాలి. 10వ తేదీ 2000 యూటీసీ అంటే మనకు 11వ తేదీ తెల్లవారుజామున 1.30.

రెండోది ‘హెచ్‌’తో మొదలయ్యే మాటలు.

హెచ్‌24: రోజంతా, రాత్రీపగలూ.
హెచ్‌జే: సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు.
హెచ్‌ఎన్‌: సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు.
హెచ్‌ఎస్‌: షెడ్యూలు విమానాలు తిరిగే వేళల్లో మాత్రమే.
హెచ్‌వో: విమానాల అవసరాన్ని బట్టి.
హెచ్‌ఎక్స్‌: నిర్దిష్ట వేళలు లేవు.

హెచ్‌జేకి గడియారంలో స్థిరమైన సమయం ఉండదు. డిసెంబరులో పొద్దు త్వరగా గుంకుతుంది. జూన్‌లో సరిపోయిన షెడ్యూలు డిసెంబరులో చాలకపోవచ్చు. హెచ్‌ఎస్‌ అయితే మరీ జాగ్రత్తగా ఉండాలి. రోజుకు ఒకే విమానం వచ్చే చిన్న విమానాశ్రయంలో ఆ విమానం రద్దయితే సిబ్బంది ఉంటారో లేదో ముందే కనుక్కోవాలి.

ఒకే విమానాశ్రయంలో అన్ని సేవలకూ ఒకే వేళలు ఉండాలనేమీ లేదు. కార్యాలయం, కస్టమ్స్‌, వాతావరణ విభాగం, కంట్రోల్‌ టవర్‌, ఇంధనం.. ప్రతిదానికీ వేరే గడి ఉంటుంది. ఒక గడిలో హెచ్‌24 ఉందని ఇంధనం కూడా 24 గంటలూ దొరుకుతుందనుకోవద్దు.

ఇక పీపీఆర్‌ అంటే ప్రయర్‌ పర్మిషన్‌ రిక్వయిర్డ్‌. ముందుగా అనుమతి తీసుకోవాలి. ‘వో బై ఆర్‌’ అంటే ఆన్‌ రిక్వెస్ట్‌. అడిగితే సేవ ఏర్పాటు చేస్తారు. రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ కాదు. వో బై ఆర్‌ను మరచిపోతే దీపాలో, ఇంధనమో దొరకదు. పీపీఆర్‌ను మరచిపోతే మీరు అక్కడ దిగడమే నిబంధనల ఉల్లంఘన అవుతుంది.

రన్‌వే పొడవు ఒకటే.. అంకెలు నాలుగు ఎందుకు?

రన్‌వే పేరే సగం సమాచారం ఇస్తుంది. బేగంపేట రన్‌వే 09/27. దిక్సూచి ప్రకారం రన్‌వే దిశను పదో డిగ్రీకి సవరించి చివరి సున్నా తీసేస్తే ఈ అంకె వస్తుంది. 09 అంటే సుమారు 90 డిగ్రీలు, తూర్పు ముఖం. 27 అంటే సుమారు 270 డిగ్రీలు, పడమర ముఖం. రన్‌వే ఒకటే, దిశలు రెండు.

పక్కపక్కన రెండు రన్‌వేలుంటే ఎడమకు ‘ఎల్‌’, కుడికి ‘ఆర్‌’ చేరుస్తారు. శంషాబాద్‌లో 09ఎల్‌, 09ఆర్‌ ఉన్నాయి. ఈ ఒక్క అక్షరం ఎంత ముఖ్యమో తైపీ ప్రమాదం చూపింది. 2000 అక్టోబరు 31న తుపాను వానలో, రాత్రివేళ సింగపూర్‌ ఎయిర్‌లైన్స్‌కు చెందిన బోయింగ్‌ 747 విమానం 05ఎల్‌ బదులు పక్కనున్న 05ఆర్‌ మీదకు వెళ్లి టేకాఫ్‌ మొదలుపెట్టింది. 05ఆర్‌లో కొంత భాగం మరమ్మతుల కోసం మూసి ఉంది. అక్కడి నిర్మాణ యంత్రాలను ఢీకొని విమానం ముక్కలైంది. 179 మందిలో 83 మంది చనిపోయారు. మూసివేత సమాచారం ముందే జారీ అయింది. చదివిన విషయం, కళ్లముందున్న రన్‌వే ఒకటేనా అని సరిచూసుకోవడం దగ్గరే తేడా వచ్చింది.

ఏడీ 2.12లో రన్‌వే అసలు కొలతలు ఉంటాయి. ఏడీ 2.13లో ‘ప్రకటిత దూరాలు’ నాలుగు ఉంటాయి. మీ లెక్కకు కావాల్సినవి ఈ నాలుగే.

టోరా: టేకాఫ్‌ కోసం నేల మీద పరుగుకు దొరికే దూరం.
టోడా: టోరాకు క్లియర్‌వే కలిపితే వచ్చేది. క్లియర్‌వే అంటే రన్‌వే చివర అడ్డంకులు లేని జాగా. దాని మీదుగా ఎగరొచ్చు, పరుగెత్తడానికి కాదు.
ఏఎస్‌డీఏ: టోరాకు స్టాప్‌వే కలిపితే వచ్చేది. టేకాఫ్‌ మధ్యలో విరమించుకుంటే ఆగడానికి దొరికే దూరం.
ఎల్‌డీఏ: దిగడానికి దొరికే దూరం.

ఊహకు ఒక చిన్న రన్‌వే తీసుకుందాం. పొడవు 1,500 మీటర్లు. చివర 60 మీటర్ల స్టాప్‌వే ఉంది. క్లియర్‌వే కూడా అంతే. దిగే వైపు చెట్లో, స్తంభాలో ఉండటంతో థ్రెషోల్డ్‌ను, అంటే ల్యాండింగ్‌ మొదలయ్యే గీతను, 200 మీటర్లు లోపలికి జరిపారు. దీన్నే డీటీహెచ్‌ఆర్‌ అంటారు. అప్పుడు టోరా 1,500, టోడా 1,560, ఏఎస్‌డీఏ 1,560, ఎల్‌డీఏ 1,300 మీటర్లు. రన్‌వే పొడవు చూసి ‘1,500 ఉంది, చాలు’ అనుకున్న విద్యార్థికి దిగేటప్పుడు 200 మీటర్లు లేనట్టే.

కొలమానాలు కూడా గమనించాలి. మన డైరెక్టరీలో రన్‌వే పొడవు మీటర్లలో ఉంటుంది. శిక్షణ విమానాల మాన్యువల్స్‌ చాలావాటిలో టేకాఫ్‌ దూరం అడుగుల్లో ఉంటుంది. ఒక మీటరు 3.28 అడుగులు. 1,300 మీటర్లంటే సుమారు 4,265 అడుగులు. మార్చకుండా పోల్చితే లెక్క తలకిందులవుతుంది.

రన్‌వే గట్టిదనాన్ని చెప్పేది పీసీఎన్‌. దీని స్థానంలో పీసీఆర్‌ అనే కొత్త పద్ధతిని ఐకావో 2024 నవంబరు నుంచి అమల్లోకి తెచ్చింది. అంకె తర్వాత వచ్చే నాలుగు అక్షరాలు వరుసగా రన్‌వే రకం, కింది మట్టి బలం, టైరు ఒత్తిడి పరిమితి, లెక్కించిన పద్ధతి చెబుతాయి. రెండు, నాలుగు సీట్ల విమానానికి ఇది పెద్దగా అడ్డు కాదు. పెద్ద విమానాలు నడిపేనాటికి మాత్రం తప్పనిసరి.

అడ్డంకులు, దీపాలు, రేడియో

ఏడీ 2.10లో చుట్టూ ఉన్న అడ్డంకులు ఉంటాయి. సెల్‌ టవర్లు, చిమ్నీలు, కొండలు. ఇక్కడ ఏఎంఎస్‌ఎల్‌ అంటే సముద్రమట్టం నుంచి ఎత్తు. ఏజీఎల్‌ అంటే నేల నుంచి ఎత్తు. 600 అడుగుల ఎత్తున్న నేల మీద 900 అడుగుల చిమ్నీ ఉందనుకోండి. దాని కొన ఏజీఎల్‌లో 900, ఏఎంఎస్‌ఎల్‌లో 1,500. మీ ఆల్టీమీటర్‌ను క్యూఎన్‌హెచ్‌కు సెట్‌ చేస్తే అది చూపేది సముద్రమట్టం నుంచి ఎత్తు. 900 అన్న అంకెను దానితో పోల్చుకుని ‘1,200లో ఉన్నాం కదా’ అనుకుంటే చిమ్నీ మీకన్నా 300 అడుగులు పైన ఉన్నట్టు. విద్యుత్‌ కేంద్రాలు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్న రామగుండం, మంచిర్యాల పరిసరాల వాళ్లకు ఈ ఉదాహరణ ఇట్టే అర్థమవుతుంది.

దీపాల విభాగంలో పాపీ అనే మాట ఉంటుంది. రన్‌వే పక్కన వరుసగా ఉండే నాలుగు దీపాలు ఇవి. రెండు తెలుపు, రెండు ఎరుపు కనిపిస్తే సరైన కోణంలో దిగుతున్నారు. నాలుగూ ఎరుపైతే బాగా కిందికి వచ్చేశారు. డబ్ల్యూడీఐ అంటే గాలి దిశ చూపే విండ్‌సాక్‌. ఏబీఎన్‌ అంటే విమానాశ్రయాన్ని దూరం నుంచి గుర్తించే తిరిగే దీపం.

ఏడీ 2.18లో రేడియో ఫ్రీక్వెన్సీలు ఉంటాయి. టీడబ్ల్యూఆర్‌ టవర్‌, ఏపీపీ అప్రోచ్‌, ఏటిస్‌ అంటే వాతావరణం, రన్‌వే వివరాలు రికార్డు చేసి పదేపదే వినిపించే ప్రసారం. ఏఫిస్‌ అని ఉంటే అక్కడ సమాచారం మాత్రమే ఇస్తారు, క్లియరెన్స్‌ ఇవ్వరు. మిగతా విమానాలను చూసుకుని నిర్ణయం తీసుకోవాల్సింది మీరే.

ఆర్‌ఎఫ్‌ఎఫ్‌ అంటే మంటలు ఆర్పే, రక్షించే సేవ. పక్కన క్యాట్‌ అంకె ఉంటుంది. విమానం పొడవు, వెడల్పును బట్టి 1 నుంచి 10 వరకు. ఎయిర్‌బస్‌ ఏ320కి 6వ కేటగిరీ కావాలి.

నిల్‌, యూ బై ఎస్‌.. ఖాళీగా కనిపించే గడులే ముఖ్యం

నిల్‌ అంటే ఆ సేవ లేదు. ఇంధనం గడిలో నిల్‌ ఉంటే తిరుగు ప్రయాణానికి సరిపడా ఇంధనం ఇక్కడి నుంచే తీసుకెళ్లాలి. వాతావరణం గడిలో నిల్‌ ఉంటే అక్కడి గాలి గురించి చెప్పేవాళ్లు ఉండరు. నిల్‌ను చూసి ముందుకు సాగిపోకుండా ‘దీని బదులు నేనేం చేయాలి’ అని ఒక్కసారి ఆగి ఆలోచించడమే మంచి పైలట్‌ అలవాటు.

యూ బై ఎస్‌ అంటే అన్‌సర్వీసబుల్‌. ఉంది, కానీ పనిచేయడం లేదు. ఈ మాట డైరెక్టరీలో కన్నా నోటమ్‌లో ఎక్కువగా కనిపిస్తుంది.

డైరెక్టరీలో సాధారణంగా ఉండే స్థితి ఉంటుంది. ముఖ్యమైన మార్పులు 28 రోజుల చక్రం ప్రకారం చేరుస్తారు. దీన్ని ఐరాక్‌ అంటారు. ఈలోగా తాత్కాలికంగా మారే విషయాలకు నోటమ్‌ జారీ చేస్తారు. అందుకే నోటమ్‌ లేకుండా డైరెక్టరీ చదివితే నిన్నటి పేపర్‌ చదివినట్టే.

నోటమ్‌లో బీ గడి మొదలయ్యే సమయం, సీ గడి ముగిసే సమయం. బీలో ‘2505100330’, సీలో ‘2505101130’ ఉంటే 2025 మే 10న 0330 నుంచి 1130 యూటీసీ వరకు. మనకు ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు. సీ గడిలో ఈఎస్‌టీ అని ఉంటే ఆ ముగింపు ఒక అంచనా మాత్రమే. సమయం దాటింది కదా అని రన్‌వే తెరిచేశారనుకోకూడదు. అసలు విషయం ఈ గడిలో ఉంటుంది. ‘ఆర్‌డబ్ల్యూవై సీఎల్‌ఎస్‌డీ డ్యూ డబ్ల్యూఐపీ’ అంటే పనులు జరుగుతున్నందున రన్‌వే మూసేశారు అని.

అనుభవజ్ఞులకూ ఇక్కడ పొరపాటు జరుగుతుంది. 2017 జులై 7న శాన్‌ఫ్రాన్సిస్కోలో రాత్రివేళ ఎయిర్‌ కెనడా విమానం రన్‌వే అనుకుని పక్కనున్న ట్యాక్సీవే మీదకు దిగబోయింది. దాని మీద నాలుగు విమానాలు టేకాఫ్‌ కోసం వరుసలో నిలబడి ఉన్నాయి. చివరి క్షణంలో పైకి లేపడంతో పెను ప్రమాదం తప్పింది. అక్కడి రెండు సమాంతర రన్‌వేల్లో ఒకటి ఆ రాత్రి మూసి ఉందన్న నోటమ్‌ పైలట్లకు ముందే అందింది. కానీ దిగే సమయానికి అది వాళ్ల మనసులో లేదు. మూసిన రన్‌వే తెరిచే ఉందనుకుని, వెలుగుతున్న రన్‌వేకు కుడివైపున కనిపించిన దారిని తమ రన్‌వేగా భావించారు.

బసంత్‌నగర్‌, ఆదిలాబాద్‌ పైనుంచి వెళ్తే..

ఈ పాఠం ఉత్తర తెలంగాణ విద్యార్థులకు సొంత ఊరి దగ్గరే వర్తిస్తుంది. పెద్దపల్లి జిల్లా (పూర్వపు కరీంనగర్‌) బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ కాలం నాటి ఎయిర్‌స్ట్రిప్‌ ఉంది. 1980ల్లో అక్కడికి వాయుదూత్‌ విమానాలు నడిచాయి. ఆ సేవలు ఆగిపోయి దశాబ్దాలైంది. ఆదిలాబాద్‌లో నిజాం కాలం నాటి ఎయిర్‌స్ట్రిప్‌ వైమానిక దళం ఆధీనంలో ఉంది. అక్కడ పౌర విమానాశ్రయం అభివృద్ధికి వైమానిక దళం 2025లో అంగీకారం తెలిపింది. వరంగల్‌ మామునూరుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి వచ్చింది.

వీటి గురించి వార్తల్లో తరచూ చదువుతాం. మ్యాపులో పేర్లు కనిపిస్తాయి. కొన్నింటికి ఇంటర్నెట్‌లో కోడ్‌లు కూడా దొరుకుతాయి. పైనుంచి చూస్తే పొడవాటి దారి కనిపించవచ్చు కూడా. అంతమాత్రాన అది దిగదగ్గ రన్‌వే కాదు. అనుమతి వచ్చిందన్న వార్తకూ, విమానాశ్రయం పనిచేస్తోందన్న సమాచారానికీ మధ్య భూసేకరణ, నిర్మాణం, డీజీసీఏ లైసెన్సు ఉంటాయి. అవన్నీ పూర్తయ్యాకే పనివేళలు, టోరా, ఆర్‌ఎఫ్‌ఎఫ్‌ వంటి గడులు నిండుతాయి. ఆ రోజు వచ్చేదాకా అవి మీ ప్లాన్‌లో దారి గుర్తులుగా పనికొస్తాయే తప్ప దిగే చోట్లుగా కాదు. ఇంజిన్‌ ఆగిపోవడం వంటి అత్యవసర పరిస్థితి వేరు. అప్పుడు ఎక్కడ దిగాలన్నది ప్రాణాలు కాపాడుకునే నిర్ణయం.

కమర్షియల్‌ పైలట్‌ లైసెన్సుకు 200 గంటల ఫ్లయింగ్‌ కావాలి. అందులో కనీసం 300 నాటికల్‌ మైళ్ల క్రాస్‌కంట్రీ ప్రయాణం ఒకటి చేయాలి. దారిలో రెండు వేర్వేరు విమానాశ్రయాల్లో పూర్తిగా దిగి ఆగాలి. ఆ రెండింటి పేజీలను స్వయంగా చదివి ప్లాన్‌ వేసుకోవాల్సింది విద్యార్థే. విమానం బయల్దేరే ముందు అందుబాటులో ఉన్న సమాచారమంతా తెలుసుకోవడం పైలట్‌ ఇన్‌ కమాండ్‌ బాధ్యత అని ఐకావో నిబంధన చెబుతోంది. ‘ఇన్‌స్ట్రక్టర్‌ చెప్పలేదు’ అన్నది అక్కడ చెల్లదు.

పేజీ తెరిచాక ఏ వరుసలో చదవాలి?

1. పైన నాలుగక్షరాల కోడ్‌, పేరు చూసి సరైన విమానాశ్రయమేనా అని నిర్ధారించుకోండి. ఏ తేదీ నుంచి అమల్లో ఉన్న పేజీయో చూడండి.
2. పనివేళలను భారత కాలమానంలోకి మార్చి కాగితం మీద రాసుకోండి. మీరు చేరే సమయానికి గంట ముందు, గంట తర్వాత కూడా సేవలున్నాయా చూడండి.
3. పీపీఆర్‌ ఉందా? ఉంటే అనుమతి నంబరు లేకుండా బయల్దేరవద్దు. ఏడీ 2.20లో స్థానిక నిబంధనలు ఉంటాయి. శిక్షణ విమానాలపై ఆంక్షలు తరచూ అక్కడే కనిపిస్తాయి.
4. ఎత్తు, ఆ రోజు ఉష్ణోగ్రతతో డెన్సిటీ ఆల్టిట్యూడ్‌ లెక్కించండి.
5. మీకు అవసరమైన దూరాన్ని టోరా, ఎల్‌డీఏలతో ఒకే కొలమానంలో పోల్చండి. రెండు దిశలకూ విడిగా చూడండి.
6. అడ్డంకులు, ఫ్రీక్వెన్సీలు, ఇంధనం గడులు చదవండి. నిల్‌ ఉన్నచోట ప్రత్యామ్నాయం రాసుకోండి.
7. చివరగా నోటమ్‌లు. డైరెక్టరీలో మీరు రాసుకున్న ప్రతి అంశాన్నీ వాటితో సరిచూడండి. కష్టం వస్తే దిగాల్సిన ప్రత్యామ్నాయ విమానాశ్రయానికీ ఇదంతా చేయండి.

మొదట్లో ఒక పేజీకి గంట పట్టినా కంగారు పడక్కర్లేదు. రోజుకు ఒక విమానాశ్రయం పేజీ తెరిచి, పొట్టి మాటలన్నింటినీ మీ సొంత మాటల్లో పూర్తి వాక్యాలుగా రాయండి. బేగంపేట, శంషాబాద్‌, నాగ్‌పుర్‌, నాందేడ్‌, విజయవాడ.. ఇలా పది పేజీలు రాసేసరికి అక్షరాలు అడ్డురావు. ఒక మాట అర్థం కాకపోతే ఊహించవద్దు. జెన్‌ 2.2 చూడండి, లేదా ఇన్‌స్ట్రక్టర్‌ను అడగండి. నేల మీద అడిగే ప్రశ్న ఎంత చిన్నదైనా సిగ్గుపడాల్సిన పనిలేదు. గాల్లోకి వెళ్లాక అదే ప్రశ్నకు జవాబు వెతుక్కునే సమయం దొరకదు.